చెక్క పెన్సిల్ లేత్ మీద చేసి బహుమతిగా ఇవ్వాలంటే: చెక్క ఎంపిక నుంచి డబ్బాలో పెట్టేదాకా

"పెన్సిల్ చేసి ఇచ్చాను, మూడు నెలలకే నెర్రె ఇచ్చింది." "చెక్కా లోహం కలిసే చోట గోరు తగులుతోంది, ఎంత అరగదీసినా పోవట్లేదు." నన్ను అడిగేవాళ్ళలో సగం మంది చెప్పేవి ఈ రెండే. రెండూ ఉలి తప్పులని అనుకుంటారు. కావు. లేత్ (చెక్కని తిప్పుతుంటే ఉలితో చెక్కే యంత్రం) స్విచ్ వెయ్యకముందే ఆ తప్పు జరిగిపోయి ఉంటుంది. అందుకే ఇందులో ఉలి పట్టే భాగం చిన్నది, దానికి ముందు చేసే పని గురించి రాసింది ఎక్కువ.

ఇక్కడ చెప్పేది చెక్కుకుంటూ వాడే పెన్సిల్ గురించి కాదు. లోపల లెడ్ వేసుకునే మెకానిజం, బయట మీరు లేత్ మీద తరిమెన పట్టిన చెక్క ఉండే రకం. 7 మి.మీ. ఇత్తడి గొట్టాలు రెండు వచ్చే ట్విస్ట్ కిట్‌ని (తిప్పి వాడే పెన్సిల్ లోహ భాగాల సెట్) ఉదాహరణగా తీసుకున్నాను. వేరే కిట్ అయితే కొలతలు మారతాయి, పని వరస మారదు. లేత్ ముందు ఎప్పుడూ నిలబడనివాళ్ళు మాత్రం ఓ నాలుగు రోజులు పనికిరాని ముక్కల మీద చెయ్యి తిప్పుకుని రండి.

1. ముందు కిట్, తర్వాతే చెక్క

చాలామంది అందమైన చెక్కముక్క చేతికి దొరగ్గానే కోసేస్తారు. కిట్ వచ్చాక చూస్తే గొట్టం పొడవుకి ముక్క సరిపోదు. ముందు కిట్ తెప్పించండి. విప్పి, భాగాలన్నీ ఒక తెల్ల గుడ్డ మీద పెన్సిల్‌లో ఉండే వరసలోనే పేర్చండి: మొన, కింది గొట్టం, మెకానిజం, నడుం పట్టీ, పై గొట్టం, క్లిప్, టోపీ. ఒక ఫోటో తీసి పెట్టుకోండి. చివర బిగించేటప్పుడు ఈ ఫోటోయే మీకు దిక్కు.

పెన్ను కిట్టూ పెన్సిల్ కిట్టూ పైకి అచ్చం ఒకేలా ఉంటాయి. లోపలి మెకానిజం వేరు. ఆర్డర్ పెట్టేటప్పుడు ఇది సరిచూసుకోండి. ఒక పెన్సిల్ చెయ్యాలన్నా రెండు కిట్లు తీసుకోవడం నా అలవాటు. మొదటిది పాడవుతుందని కాదు, రెండోది ఉందన్న ధైర్యానికి చెయ్యి వణకదు.

లెడ్ మందం కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. మామూలు రాతకి 0.7 మి.మీ. హాయిగా ఉంటుంది. గట్టిగా నొక్కి రాసేవాళ్ళకి 0.5 ఇస్తే టక్కుటక్కున విరుగుతుంది, వాళ్ళకి 0.9 నయం.

కిట్ రాగానే చూడాల్సినవి:

- గొట్టాల బయటి వ్యాసం వెర్నియర్‌తో కొలిచారా? డ్రిల్ బిట్ దానికి సరిపోయేదేనా?
- గొట్టాల పొడవు విడివిడిగా రాసుకున్నారా? కొన్ని కిట్లలో పైదీ కిందదీ సమానం కావు.
- ఈ కిట్‌కి చెప్పిన బుష్‌లే (చెక్క కొసల పక్కన కూర్చుని, ఎంత సన్నగా కొయ్యాలో చూపే లోహపు ఉంగరాలు) మీ దగ్గర ఉన్నాయా? దగ్గర దగ్గరగా ఉన్నవి పనికిరావు.
- బుష్ వ్యాసాన్నీ, దాని పక్కన కూర్చునే లోహపు భాగం వ్యాసాన్నీ పోల్చి చూశారా? వాడివాడి అరిగిన బుష్ తక్కువ చూపిస్తుంది. నమ్మాల్సింది లోహపు భాగాన్ని.

2. పుచ్చుకునేవాళ్ళ చెయ్యి చూడండి

వాళ్ళు ఇప్పుడు ఏ పెన్నుతో రాస్తున్నారో ఒకసారి గమనించండి. లావు పెన్ను పట్టుకునే మనిషికి సన్నటి పెన్సిల్ ఇస్తే డ్రాయర్‌లో పడుకుంటుంది. రెండు గొట్టాల కిట్లలో బుష్ దగ్గర చెక్క 8 మి.మీ. పైచిలుకు ఉంటుంది. అదే కొలతలో కొస నుంచి కొసకి తిన్నగా చేస్తే చేతిలో పుల్ల పట్టుకున్నట్టు ఉంటుంది. వేళ్ళు పట్టే చోట 10 నుంచి 11 మి.మీ. దాకా కొద్దిగా ఉబ్బు ఉంచితే చాలామందికి కుదురుతుంది. వేళ్ళ కీళ్ళు నొప్పి పెట్టేవాళ్ళకి ఇంకాస్త లావు ఉంచండి.

3. చెక్క: అందం కన్నా ఆరడం ముఖ్యం

నేను చేసి ఇచ్చిన మొదటి పెన్సిల్ ఒక స్నేహితుడిది. వాళ్ళింట్లో కొట్టేసిన వేపచెట్టు కొమ్మ. గుర్తుగా ఉంటుందని అడిగాడు. ఆగలేక నెల తిరక్కుండానే చేసిచ్చాను. ఇచ్చిన రోజు అద్దంలా మెరిసింది. కొన్నాళ్ళకి క్లిప్ కింద నుంచి వెంట్రుకంత గీత మొదలైంది, మళ్ళీ కలిసేసరికి అందులోకి గోరు దిగుతోంది.

కారణం మామూలే. పచ్చి చెక్క ఆరుతూ అడ్డంగా కుంచించుకుపోతుంది. లోపలి ఇత్తడి గొట్టం కుంచించుకోదు. బిగుతు చొక్కా వేసుకున్నవాడు ఊపిరి గట్టిగా తీస్తే గుండీ ఊడినట్టు, చెక్క ఎక్కడో ఒకచోట విడిపోవాల్సిందే.

ఎంత చెక్క విడిపోవాలో లెక్క వేస్తే ఆశ్చర్యమేమీ ఉండదు. గొట్టం 7 మి.మీ., బయటి కొలత 8.4 అనుకోండి. చుట్టూ మిగిలేది 0.7 మి.మీ. రెండు విజిటింగ్ కార్డులు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం. పెన్సిల్ కొసల్లో ఉండే చెక్క అంతే. ఈ 0.7 గుర్తుపెట్టుకోండి, కింద చెప్పే జాగ్రత్తలన్నీ దాని కోసమే.

ఆరిందో లేదో తేల్చే పద్ధతి: ముక్కని గ్రాముల త్రాసు మీద తూచి, బరువూ తేదీ ముక్క మీదే రాయండి. వారానికోసారి తూచండి. వరసగా మూడు వారాలు బరువు మారకపోతే మీ ఇంటి గాలికి అది సర్దుకున్నట్టు. తేమ మీటర్ ఉంటే 10 శాతం లోపు చూడండి. ఆరుతున్నన్నాళ్ళూ రెండు కొసలకీ మైనం పూసి ఉంచితే కొసలు బీటలివ్వవు.

గుర్తుగా పచ్చి కొమ్మతోనే చెయ్యాలని ఎవరైనా పట్టుబడితే, దాన్ని 25 మి.మీ. చదరం కడ్డీలుగా కోసి, తేదీ వేసి పక్కన పెట్టండి. నడిమి బెండు ఉన్న ముక్క తీసుకోవద్దు, ఎన్నాళ్ళు ఆరినా అది పగలడానికే చూస్తుంది.

చెక్క రకాల గురించి నాలుగు మాటలు చాలు. మొదటి పెన్సిల్‌కి నార తిన్నగా ఉన్నదీ, మరీ గట్టిది కానిదీ తీసుకోండి. టేకులో సహజమైన నూనె ఉంటుంది, జిగురూ పాలిషూ అంత సులువుగా పట్టవు. పైగా ఉలి పదును తొందరగా తినేస్తుంది. ఎబొనీ చూడ్డానికి దర్జాగా ఉంటుంది కానీ వేడి తగిలితే పగులుతుంది. రోజ్‌వుడ్ పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు, ముక్కులో మంట తెస్తుంది. చింత చేవ, తుమ్మ చేవ గట్టివే గానీ పాలిష్ బాగా ఎక్కుతుంది. కణుపులూ మెలికల నారా ఉన్న ముక్కలు అయిదారు పెన్సిళ్ళు చేశాక ముట్టుకోండి.

4. కోతా, గుర్తులూ

చదరం ముక్క 18 నుంచి 20 మి.మీ. ఉంటే చాలు. కోసేముందు ఒక పక్కన కొస నుంచి కొసకి పెన్సిల్‌తో ఏటవాలు గీత గియ్యండి. రెండు ముక్కలయ్యాక కూడా ఏది పైదో, ఏ కొస ఏ కొసతో కలవాలో ఆ గీతే చెబుతుంది. నడుం పట్టీ దగ్గర కలవాల్సిన కొసల మీద చిన్న ఇంటూ గుర్తు వెయ్యండి. ఇది చెయ్యకపోతే పైచెక్క నార ఒక దిక్కుకీ, కిందచెక్క నార ఇంకో దిక్కుకీ పోతుంది. చూసేవాళ్ళకి లోపం ఏమిటో తెలియదు గానీ రెండు వేరే పెన్సిళ్ళు అతికించినట్టు ఉంటుంది.

ముక్క పొడవు గొట్టం కన్నా 10 నుంచి 12 మి.మీ. ఎక్కువ ఉంచండి. అంత ఎందుకో కింద చెబుతాను.

5. డ్రిల్లింగ్

లేత్ మీదే చెయ్యగలిగితే మేలు: చెక్క హెడ్‌స్టాక్ (లేత్‌లో తిరిగే తల) వైపు చక్‌లో (పట్టుకునే దవడల్లో), డ్రిల్ బిట్ టెయిల్‌స్టాక్‌లో (దానికి ఎదురుగా తిరగకుండా ఉండే భాగం). లేకపోతే నిలువు డ్రిల్ మెషీన్, వైస్ ఉన్నా చాలు. చేత్తో పట్టుకునే డ్రిల్‌తో మాత్రం వద్దు.

రంధ్రం ముక్కకి అచ్చంగా మధ్యలో రాకపోతే కంగారు పడకండి. తర్వాత చెక్క తిరిగేది గొట్టం ఇరుసు మీదే కాబట్టి కాస్త పక్కకి పోయినా ఉలి దాన్ని సరిచేస్తుంది. అసలు భయపడాల్సినవి మూడు: వేడి, పొట్టు ఇరుక్కోవడం, అవతలి కొసన పెచ్చు ఊడటం.

వేగం 600 నుంచి 800 ఆర్‌పీఎం. మధ్యలో మొన ఉండే చెక్క బిట్ వాడండి, కొత్తదైతే ఇంకా మంచిది. 10 మి.మీ. లోపలికి వెళ్ళగానే పూర్తిగా బయటకి లాగి, పొట్టు దులిపి, మళ్ళీ వెళ్ళండి. చెవి ఇటు పెట్టండి. సాఫీగా కోస్తున్నప్పుడు ఒక రకం గరగర ఉంటుంది. అది కీచుమనే మోతగా మారితే గాడిలో పొట్టు నిండిందని అర్థం. అప్పటికీ నొక్కితే పొగ వాసన వస్తుంది. పొగ వచ్చిందంటే లోపల సన్నటి పగుళ్ళు పడ్డట్టే లెక్క, అవి పాలిష్ అయ్యాకే కనబడతాయి. లేత్ ఆపి చూసినప్పుడు బిట్ దగ్గర పెట్టిన వేలికి సెగ తగిలితే రెండు నిమిషాలు ఆగండి.

బిట్ వెనక్కి లాగేటప్పుడు డ్రిల్ చక్ టెయిల్‌స్టాక్ నుంచి ఊడి, చెక్కతో పాటు తిరగడం మొదలెట్టే ప్రమాదం ఉంది. లేత్ ఆపి లాగడం అన్నిటికన్నా క్షేమం.

ఇప్పుడు ఆ 10 మి.మీ. అదనం సంగతి. రంధ్రం అవతలి కొసదాకా తియ్యకండి. గొట్టం పొడవు కన్నా ఓ 4 మి.మీ. ఎక్కువ లోతు దిగగానే ఆపెయ్యండి. బిట్ మీద ఆ లోతుకి టేపు ముక్క చుట్టుకుంటే చూసుకోవడం తేలిక. తర్వాత ఆ మూసుకున్న కొసని రంపంతో కోసి రంధ్రం తెరవండి. బిట్ అవతలికి పొడుచుకు రాదు కాబట్టి పెచ్చూ ఊడదు. ఎవరు ఎన్ని చెక్క ఊతాలు పెట్టమని చెప్పినా, నాకు నూటికి నూరు సార్లు పనిచేసింది ఇదే. ఇంటూ గుర్తు ఉన్న కొస కోసేస్తే గుర్తు మళ్ళీ వేసుకోవడం మాత్రం మరవకండి.

సరిచూసుకోండి:

- గొట్టం తన బరువుకే నెమ్మదిగా జారుతోందా? అదే సరైన పట్టు.
- బిగుతుగా ఉందా? సుత్తితో కొట్టొద్దు. సన్న పుల్లకి ఎమ్రీ పేపర్ చుట్టి రంధ్రం లోపల నాలుగు తిప్పులు తిప్పండి.
- గలగల ఆడుతోందా? ఆ ముక్కకి సూపర్ గ్లూ కాదు, ఎపాక్సీయే (రెండు పాళ్ళు కలిపి వాడే జిగురు) వాడాలి.

డ్రిల్ చేసిన ముక్కల్ని ఒక రాత్రి అలా వదిలెయ్యండి. వేడి దిగుతుంది, చెక్క లోపలి బిగువు సర్దుకుంటుంది. తెల్లారి గొట్టం మళ్ళీ పెట్టి చూడండి. నిన్న జారినది ఇవాళ బిగుతుగా ఉంటే ఆ చెక్క ఇంకా ఆరలేదు.

6. గొట్టం అతికించడం

పైన చెప్పిన 0.7 మి.మీ. చెక్కకి వెనక నిలబడేది జిగురే. చెక్కకీ గొట్టానికీ మధ్య ఎక్కడైనా జిగురు లేని ఖాళీ మిగిలితే, ఉలి తగిలినప్పుడు అక్కడే పెచ్చు లేస్తుంది. అప్పుడు తప్పిస్తే, బిగించే రోజున పగులుతుంది.

ఇత్తడి మెరుపు జిగురుకి పడదు. 150 నంబరు ఎమ్రీ పేపర్‌తో గొట్టాన్ని అడ్డదిడ్డంగా గీకి మెరుపు పోగొట్టండి. తర్వాత స్పిరిట్ గుడ్డతో తుడిచి, వేళ్ళతో మళ్ళీ పట్టుకోకుండా సన్న పుల్లకి గుచ్చి ఉంచండి. గొట్టం లోపలికి జిగురు పోకుండా రెండు కొసల్లోనూ మైనం నొక్కండి.

సూపర్ గ్లూనా, ఎపాక్సీనా? కొత్తవాళ్ళకి ఎపాక్సీయే. సూపర్ గ్లూ గొట్టం సగం లోపలికి పోయేసరికి పట్టేసుకుంటుంది. ఒక్కసారి అలా అయితే ఇక అది అటూ పోదు, ఇటూ రాదు. బల్ల మీద పెట్టి అరచేత్తో నొక్కుతూ కూర్చున్న రోజు నాకూ ఉంది. అరచేతికి గుండ్రటి అచ్చు పడింది గానీ గొట్టం కదల్లేదు. ఎపాక్సీ అయితే అయిదు నిమిషాల రకమైనా తాపీగా సర్దుకునే వీలిస్తుంది.

వరస ఇదీ:

1. ఎపాక్సీ రెండు పాళ్ళూ సమానంగా తీసుకుని, గీతలు కనబడనంత వరకూ కలపండి.
2. సన్న పుల్లతో రంధ్రం లోపలి గోడకి రాయండి. గొట్టానికి మాత్రమే రాస్తే, దూర్చేటప్పుడు చెక్క అంచు దాన్నంతా గీకి బయటే వదిలేస్తుంది.
3. గొట్టం మీద కూడా పల్చగా రాయండి.
4. తిప్పుతూ, ముందుకీ వెనక్కీ ఆడిస్తూ దూర్చండి. జిగురు ఉంగరంలా చుట్టూ పొంగాలి.
5. గొట్టం రెండు కొసలూ చెక్క లోపలికి ఓ మిల్లీమీటరు ఉండేలా ఆపండి.
6. మర్నాటి దాకా ముట్టుకోకండి. డబ్బా మీద అయిదు నిమిషాలని ఉన్నా అది గడ్డకట్టే సమయమే, బలం పుంజుకునేది కాదు.

7. కొసలు చదును చేయడం

గోరు తగిలే అతుకులకీ, పట్టీ దగ్గర కనబడే సందులకీ మూలం ఈ మెట్టే. కొస గొట్టానికి కచ్చితంగా లంబంగా లేకపోతే, మాండ్రెల్ (చెక్కా బుష్‌లూ గుచ్చి లేత్‌కి పెట్టే కడ్డీ) మీద నట్టు బిగించినప్పుడు బుష్ ఏటవాలుగా నొక్కి కడ్డీని వంచుతుంది. వంగిన కడ్డీ మీద తిరిగిన చెక్క ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువ తెగుతుంది.

బ్యారెల్ ట్రిమ్మర్ (కొసలు చదును చేసే పళ్ళ పనిముట్టు) ఉంటే దాని పైలట్ కడ్డీని గొట్టంలో దూర్చి నెమ్మదిగా తిప్పండి. అది దూరకపోతే లోపల జిగురు మిగిలిందన్నమాట. చిన్న గుండ్రటి ఆకురాయితో గీకేసి మళ్ళీ చూడండి. ట్రిమ్మర్ పళ్ళు మొండిగా ఉంటే కొసల్లో చెక్క చిట్లుతుంది, ముందే పదును పెట్టుకోండి. ట్రిమ్మర్ లేనివాళ్ళు డిస్క్ సాండర్ పక్కన 90 డిగ్రీల అడ్డు పెట్టి అరగదియ్యొచ్చు.

ఎక్కడ ఆపాలో ఇత్తడే చెబుతుంది. కొసని వెలుతురుకి పట్టి చూడండి. మొదట నెలవంకలా ఒక పక్కే మెరుస్తుంది. అంటే ఇంకా వాలు ఉంది. ఇంకో రెండు చుట్లు తిప్పి మళ్ళీ చూడండి. నెలవంక పూర్తి ఉంగరం అయిన క్షణాన ఆపెయ్యాలి. అక్కడ నుంచి ఇంకా కోస్తే గొట్టం పొట్టిదవుతుంది. పెన్సిల్‌లో గొట్టం పొడవు మీదే మెకానిజం ఎంత లోపలికి కూర్చుంటుందో ఆధారపడుతుంది, అరమిల్లీమీటరు తేడా వచ్చినా లెడ్ సరిగా బయటకి రాకపోవచ్చు.

8. మాండ్రెల్ మీదకి ఎక్కించడం

బుష్, కింది చెక్క, బుష్, పై చెక్క, బుష్. ఇంటూ గుర్తులు రెండూ మధ్య బుష్ వైపు ఉండాలి. నట్టు రెండు వేళ్ళతో బిగించినంత చాలు, పాన తియ్యొద్దు. టెయిల్‌స్టాక్ మొన కడ్డీని తాకి, దాంతో పాటు తిరిగితే చాలు. ఇంకా తోస్తే కడ్డీ విల్లులా వంగుతుంది. కళ్ళకి కనబడదు, అతుకు దగ్గర వేలికి తెలుస్తుంది.

అన్నీ సరిగ్గా చేసినా ఒక పక్కే మెట్టు వస్తోందంటే మీ మాండ్రెల్ ఇప్పటికే వంగి ఉంటుంది. చదునైన గాజు పలక మీద దొర్లించి చూడండి. ఇది నచ్చకే చాలామంది కడ్డీ తీసేసి, ఒక్కో ముక్కనీ లేత్ రెండు సెంటర్ల (మొనల) మధ్య విడిగా పట్టి తిప్పుతారు. నేనూ ఇప్పుడు అదే చేస్తున్నాను. దానికి తగ్గ బుష్‌లు విడిగా కావాలి.

9. ఉలి పని

ముందు ఒళ్ళు చూసుకోండి: ముఖానికి షీల్డ్, ముక్కుకి మాస్క్, పొట్టి చేతుల చొక్కా. చేతికి గ్లవ్స్, గాజులు, ఉంగరం, మెడలో వేలాడేవి ఏవీ ఉండకూడదు. జుట్టు పొడుగైతే ముడి వెయ్యండి.

టూల్ రెస్ట్ (ఉలి ఆనించే దన్ను) చెక్కకి 3, 4 మి.మీ. దూరంలో పెట్టి, చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలట్లేదని చూశాకే స్విచ్ వెయ్యండి. మూలలు పోయేదాకా 1500 ఆర్‌పీఎం, గుండ్రమయ్యాక 2500 దాకా పెంచొచ్చు.

గౌజ్‌తో (గాడి ఉలితో) మూలలు తియ్యండి. లావు నుంచి సన్నం వైపు, అంటే మధ్య నుంచి కొస వైపు కొయ్యాలి. కొస నుంచి లోపలికి ఉలి తోస్తే నార లేచి పెచ్చు ఎగురుతుంది. బుష్ కన్నా ఓ మిల్లీమీటరు ఎక్కువ ఉండగా ఆగి, ఉలికి మళ్ళీ పదును పెట్టండి. చివరి కోత కొత్త పదునుతోనే. పేడు పొడవుగా రిబ్బన్‌లా రావాలి. పొడి రాలుతోందంటే కొయ్యడం లేదు, గీకుతున్నారు. స్క్యూ ఉలి (ఏటవాలు అంచుది) చేతనైనవాళ్ళు దాంతో ముగించండి. చేతకానివాళ్ళు బహుమతి మీద నేర్చుకోవద్దు.

బుష్‌కి 0.3 మి.మీ. ఎత్తులో ఉలి పక్కన పెట్టెయ్యండి. కంటితో కాదు, వెర్నియర్‌తో. మిగిలింది ఎమ్రీ చూసుకుంటుంది.

10. ఎమ్రీ పేపర్

లేత్ 800 ఆర్‌పీఎంకి తగ్గించండి. 150, 240, 320, 400, 600. ఒక నంబరు కూడా దాటెయ్యకండి. ప్రతి నంబరు తర్వాత లేత్ ఆపి, అదే కాగితంతో నార వెంబడి పొడవుగా నాలుగుసార్లు రుద్దండి. చుట్టూ పడ్డ ఉంగరాల గీతలు అప్పుడే పోతాయి. తర్వాత పొడి తుడిచి, స్పిరిట్ తడి గుడ్డతో ఒకసారి పూస్తే మిగిలిన గీతలు బయటపడతాయి. చెక్క వేడెక్కేంత గట్టిగా నొక్కొద్దు.

లేతరంగు చెక్కతో ఒక చిక్కుంది. కొసల్లో కాగితం ఇనప బుష్‌ని కూడా అరగదీస్తుంది, ఆ నల్ల పొడి చెక్కలోకి పోయి బూడిద మచ్చ చేస్తుంది. ఎంత రుద్దినా ఇంకా వ్యాపిస్తుందే తప్ప పోదు. కాగితం బుష్ మీదకి ఎక్కనివ్వకండి, పొడిని తుడవకుండా ఊదెయ్యండి. మచ్చ పడిపోయి ఉంటే కొత్త 320 కాగితంతో ఆ చోటు మాత్రమే తీసి, వెంటనే పల్చటి షెల్లాక్ (లక్క పాలిష్) ఒక పూత వేసి రంధ్రాలు మూసెయ్యండి.

11. పాలిష్

పెన్సిల్‌ని చెయ్యి విడవదు. చెమటా నూనే రోజూ తగులుతాయి. లేత్ మీద రుద్దే షెల్లాక్, మైనం పాలిష్ అయిదు నిమిషాల్లో మెరుస్తుంది, రోజూ వాడితే కొన్ని నెలల్లో వేళ్ళు పట్టే చోట వెలిసిపోతుంది. గట్టిగా నిలిచేది సూపర్ గ్లూ పూత. కానీ అద్దంలా మెరిసే పూత చెమట చేతిలో జారుతుంది. నా ఓటు మధ్యదారికి: పూత సూపర్ గ్లూదే, మెరుపు మాత్రం సగానికి దించేస్తాను.

పద్ధతి: బుష్ కన్నా చెక్క వెంట్రుకవాసి కిందకి ఉండాలి, పూత ఆ ఖాళీని నింపుతుంది. టేకు లాంటి నూనె చెక్కల్ని ముందు అసిటోన్‌తో తుడవండి. వేగం 300 నుంచి 400. మడతపెట్టిన పేపర్ నాప్‌కిన్ మీద రెండు చుక్కలు, కింద నుంచి ఆనించి, ఒకే ఊపులో ఒక కొస నుంచి ఇంకో కొసకి. వెనక్కి రావద్దు. గుడ్డ వాడొద్దు: లేత్‌కి చుట్టుకుంటుంది, పైగా నూలు గుడ్డకి సూపర్ గ్లూ తగిలితే కాలేంత వేడి పుడుతుంది. కిటికీ తెరిచి ఉంచండి, ఆ ఆవిరి కళ్ళలో నీళ్ళు తిప్పిస్తుంది. ప్రతి పూతా ఆరనిచ్చి, అలా 6 నుంచి 8 పల్చటి పూతలు. మందంగా ఒకేసారి వేస్తే తెల్లగా పొంగుతుంది.

గట్టిపడ్డాక 600తో గడ్డలు తీసి, నీళ్ళతో తడిపిన 1000, 1500, 2000 కాగితాలతో నున్న చెయ్యండి. సగం మెరుపు చాలనుకునేవాళ్ళు అక్కడ ఆపి మైనం రాయండి.

పూత బుష్‌కీ చెక్కకీ కలిపి అతుక్కుని ఉంటుంది. విడదీసేముందు ఆ గీత చుట్టూ పదునైన కత్తి మొన తిప్పండి. లాగి విడదీస్తే కొసన పూత పొరలా లేస్తుంది. విడదీశాక కొసల మీద నిలిచిన జిగురు అంచుని 400 కాగితం మీద రెండు చుట్లు తిప్పి తీసెయ్యండి.

12. బిగింపు

ఫోటో బయటకి తియ్యండి. వైస్ దవడలకి చెక్క ముక్కలు పెట్టండి. ఏ భాగమైనా తిన్నగా ఆనించి, కొంచెం కొంచెంగా నొక్కాలి. ఏటవాలుగా వెళ్తే ఆ 0.7 మి.మీ. చెక్క టప్‌మని పగులుతుంది. నొక్కేముందు గొట్టం లోపలి అంచుకి జిగురు గడ్డలు లేవని వేలితో చూసుకోండి, పగుళ్ళలో చాలా వాటికి కారణం అవే.

మొన భాగం ముందు. మెకానిజం కూర్చోబెట్టి, లెడ్ వేసి, తిప్పి చూడండి. లోతు చాలకపోతే ఇంకాస్త నొక్కొచ్చు, ఎక్కువైతే వెనక్కి తేవడం నరకం. కాబట్టి ప్రతి నొక్కుకీ ఒకసారి పరీక్ష. పై భాగంలో క్లిప్ నొక్కేముందు రెండు చెక్కల నార కలిపి చూసుకోండి. మంచి నార కనబడే పక్కకి ఎదురుగా క్లిప్ రావాలి, దాని మీద కాదు.

13. తేడా వస్తే

- అతుకు దగ్గర చుట్టూ సమానంగా మెట్టు: ఎమ్రీ ఎక్కువైంది. ఇంకా బిగించకపోతే కొసల దగ్గర సూపర్ గ్లూ పూతలు పెంచి పైకి తేవచ్చు.
- ఒక పక్కే మెట్టు: కొస వాలుగా ఉంది, లేదా మాండ్రెల్ వంగింది. ఈ ముక్కకి మందు లేదు, తర్వాతి దానికి 7, 8 మెట్లు మళ్ళీ చూడండి.
- ఉలి పనిలో చిన్న పెచ్చు లేచింది: లేత్ ఆపండి. పెచ్చు దొరికితే పల్చటి సూపర్ గ్లూతో అక్కడే అతికించండి. దొరక్కపోతే అదే చెక్క పొడి నింపి గ్లూ చుక్క వెయ్యండి.
- పూతలో తెల్ల మచ్చలు: తేమ, లేదా మందపు పూత. 400 దాకా వెనక్కి తీసి మళ్ళీ వెయ్యాలి.
- లెడ్ మాటిమాటికీ విరుగుతోంది: మొన ఏటవాలుగా దిగింది, లేదా లోపల లెడ్లు కుక్కారు. రెండు మూడుకి మించి వెయ్యొద్దు.

14. ఇచ్చే ముందు

చేసిన రోజే ఇవ్వకండి. ఒక వారం మీరే రాయండి. జేబులో పెట్టుకుని తిరగండి, సరుకుల చీటీ రాయండి, ఫోన్ మాట్లాడుతూ గీతలు గియ్యండి. క్లిప్ వదులైతే, పట్టీ దగ్గర గీసుకుంటే ఈ వారంలోనే తెలుస్తుంది. పదును అంచు ఎక్కడైనా ఉంటే మీ వేలే ముందు పట్టేస్తుంది.

డబ్బాలో పెట్టాల్సినవి:

- కొత్త లెడ్ల గొట్టం ఒకటి, మందం దాని మీద కనబడేలా. హెచ్‌బీ కన్నా బీ మెత్తగా, నల్లగా రాస్తుంది, నొక్కకుండా రాసేవాళ్ళకి అది ఇవ్వండి.
- లెడ్ ఎలా నింపాలో నాలుగు ముక్కలు, ఆ పెన్సిల్‌తోనే రాసిన చీటీ. ఏ భాగం లాగాలి, ఏది తిప్పాలి అన్నది కిట్‌ని బట్టి మారుతుంది. చెప్పకపోతే మెకానిజాన్నే పీకేస్తారు.
- చెక్క పేరు, ఏ చెట్టుదో తెలిస్తే అది కూడా.
- ఎండలో నిలిపిన కారులో వదిలెయ్యొద్దని ఒక మాట.

మిగిలిన చెక్క ముక్క ఒకటి, కిట్ పేరూ బుష్ కొలతలూ రాసి మీ దగ్గరే దాచండి. మా వేప పెన్సిల్‌కి రెండో పైచెక్క చేసిచ్చింది అలా దాచిన ముక్కతోనే. ఈసారి తూచాను.